స్ప్రింగు కోస్తే కారు దిగుతుంది, మిగతా లెక్కల సంగతి?

పాత మారుతి 800ను బాగు చేయించి, రంగు కొట్టించి, వెడల్పు టైర్లు తొడిగాక చాలామంది కుర్రాళ్లకు తట్టే తర్వాతి ఆలోచన ఒకటే: బండిని కిందికి దించాలి. టైరుకూ మడ్‌గార్డ్ అంచుకూ మధ్య నాలుగు వేళ్ల సందు రెండు వేళ్లకు రావాలి. నల్గొండలోనో జడ్చర్లలోనో షెడ్డుకు వెళ్లి అడిగితే ఎక్కువసార్లు వచ్చే సలహా, స్ప్రింగులో ఒక చుట్టు కోసేయమని. పొద్దున ఇస్తే సాయంత్రానికి పనైపోతుంది. ఖర్చు తక్కువ. కారు దిగుతుంది కూడా.

దిగాకే అసలు తలనొప్పి మొదలవుతుంది. చిన్న గుంతకే దబ్బుమని కొడుతుంది. కిందికి దిగిన కారు మలుపులో తక్కువ ఒరగాలి కదా అనుకుంటాం, ఇది ఇంకాస్త ఎక్కువ ఒరుగుతుంది. రోడ్డు ఎగుడుదిగుడుగా ఉన్నచోట స్టీరింగ్ తిప్పకుండానే బండి పక్కకు లాగుతుంది. ముందు టైర్లు ఒక అంచునే అరుగుతాయి. ఫ్యాక్టరీలో బండికి ఒక ఎత్తు అనుకుని, ఆ ఎత్తు దగ్గర ప్రతి రాడ్డు కోణం, కీలు దగ్గరి ప్రతి రబ్బరు బుష్షు మెలిక లెక్క చూసి పెట్టారు. ఎత్తు మారితే అవన్నీ చెదురుతాయి. చెదిరినవాటిని మళ్లీ దారికి తెచ్చేందుకే కస్టమ్ పార్టులు. బండిని దించడమే వాటి పని అనుకుంటే డబ్బు తప్పు చోట పెడతాం.

ముందు బండి కిందికి తొంగిచూద్దాం. బాగా పాత 800లకు వెనక కమాన్ పట్టీలు ఉండేవి. ఇప్పుడు మిగిలినవాటిలో ఎక్కువ కాయిల్ స్ప్రింగులవే, ఇక్కడ చెప్పేదీ వాటి గురించే. ముందువైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే షాకబ్జరూ స్ప్రింగూ కలిసి ఒకే నిలువు స్తంభం. దాని పై చివర బాడీకి, కింది చివర చక్రాన్ని పట్టుకునే నకిల్‌కు బిగించి ఉంటాయి. కింద అడ్డంగా ఒక్క లోయర్ ఆర్మ్. ఆ ఆర్మ్ ముందుకూ వెనక్కూ ఊగకుండా ఆపేది స్టెబిలైజర్ బార్. బరువు తగ్గుతుందనో, స్ప్రింగు గట్టిది వేశాం కాబట్టి ఇక అక్కర్లేదనో ఆ బార్ తీసేసేవాళ్లు ఉన్నారు. కొన్ని కార్లలో తీసినా నడుస్తుందేమో కానీ 800లో అది పోతే బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని నిలబెట్టేదే పోయినట్టు. వెనక రెండు చక్రాలకూ కలిపి ఒకే యాక్సిల్, దాన్ని ముందు నుంచి పట్టే రెండు ట్రెయిలింగ్ ఆర్మ్‌లు, పక్కకు జరగకుండా అడ్డంగా ఒక లేటరల్ రాడ్.

ఇక స్ప్రింగు. దాని గట్టిదనం మూడు కొలతల మీద ఆధారపడుతుంది: కడ్డీ మందం, చుట్టు వెడల్పు, పనిచేసే చుట్లు ఎన్ని అన్నది. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి కోస్తే మిగిలిన అయిదింటితో అది 20 శాతం గట్టిపడుతుంది. కడ్డీ మందం ప్రభావం ఇంకా ఎక్కువ, ఎందుకంటే గట్టిదనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల కడ్డీని 11 చేస్తే చాలు, 46 శాతం పెరుగుదల. ఈ లెక్క తెలియకుండా ఇంకో బండి స్ప్రింగు "సైజు సరిపోయింది" అని తెచ్చి వేస్తే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. కోసిన స్ప్రింగుకు ఇంకో జబ్బు, చివరి చుట్టు కింది గిన్నెలో సరిగా కూర్చోదు. గ్యాస్ మంటతో కాల్చి స్ప్రింగును కుంగదీయడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. వేడికి ఉక్కు పదును పోతుంది, రెండు వైపులా సమానంగా కుంగదు, నడిచేకొద్దీ ఇంకా కుంగుతుంది.

కొత్తగా స్ప్రింగు చుట్టించాలంటే మొదట కావలసింది బరువు. దానికి మన దగ్గర సదుపాయానికి కొదవ లేదు, మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లుల పుణ్యమా అని ఎటు చూసినా కాంటాలే. లారీలు లేని వేళ చూసి ముందు చక్రాలు మాత్రమే కాంటా పలక మీద ఉండేలా కారు ఆపితే ముందు యాక్సిల్ బరువు తెలుస్తుంది. వెనకవి కూడా అలాగే. అయిదు పది కిలోల తేడా వచ్చినా ఈ పనికి ఇబ్బంది లేదు. డ్రైవర్ సీట్లో మనిషి కూర్చుని ఉండాలి, ట్యాంకులో సగం పెట్రోలు ఉండాలి.

ముందు యాక్సిల్ 420 కిలోలు తూగింది అనుకుందాం. ఒక్కో చక్రం మీద 210. అందులో చక్రం, బ్రేకు, నకిల్ బరువు 25 కిలోలు తీసేస్తే స్ప్రింగు మోసేది 185. పాత స్ప్రింగు ఒక మిల్లీమీటరు నొక్కుకోవడానికి 1.8 కిలోలు పట్టేది అయితే కారు నిలబడి ఉన్నప్పుడు అది 103 మిల్లీమీటర్లు నొక్కుకుని ఉంటుంది. ఇప్పుడు కారును 30 మిల్లీమీటర్లు దించి, స్ప్రింగును 2.4కు గట్టి చేయాలి. గట్టి స్ప్రింగు అదే బరువుకు 77 మాత్రమే నొక్కుకుంటుంది, అంటే 26 తక్కువ. కాబట్టి కొత్త స్ప్రింగు పాతదానికంటే 56 మిల్లీమీటర్లు పొట్టిగా ఉండాలి. "కారు 30 దిగాలి కదా, స్ప్రింగు 30 తగ్గించు" అని చెప్పి చుట్టిస్తే కారు దిగేది నాలుగు మిల్లీమీటర్లు. డబ్బు పోసి చేయించిన స్ప్రింగు వేశాక కూడా కారు దిగలేదని, దాన్ని తీసుకెళ్లి మళ్లీ కోయించే వరస ఇక్కడే మొదలవుతుంది. స్ప్రింగు చేసేవాళ్లకు పొడవు ఒక్కటే చెబితే లాభం లేదు. కడ్డీ మందం, చుట్టు వ్యాసం, పనిచేసే చుట్లు, చివరలు ఎలా ఉండాలి, ఇంత ఎత్తు దగ్గర ఇన్ని కిలోలు మోయాలి అన్న మాట, ఇవన్నీ కాగితం మీద రాసి ఇవ్వాలి. జాకీ ఎత్తి చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా స్ప్రింగు గిన్నెలో బిగువుగానే ఉండాలన్నది ఇంకో షరతు. స్ప్రింగు పొట్టిదై, షాకబ్జర్ రాడ్డు పాత పొడవుదే అయితే ఆ బిగువు ఉండదు. అందుకే పొట్టి స్ప్రింగుకు పొట్టి షాకబ్జర్ కావాలి. దాని పట్టు కూడా పెరగాలి. స్ప్రింగు మూడో వంతు గట్టిపడితే షాకబ్జర్ పట్టు సుమారు 15 శాతం పెరిగితే సరిపోతుంది. పాత షాకబ్జర్లనే ఉంచితే గుంత దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది.

దించినప్పుడు అన్నిటికంటే ఎక్కువ నష్టపోయేది చక్రం పైకి వెళ్లేందుకు ఉన్న చోటు. ఫ్యాక్టరీ ఎత్తులో ఆ చోటు 80 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. 30 దించితే 50 మిగులుతుంది, 50 దించితే 30. అదే గుంత దెబ్బను ఆ తక్కువ చోటులో స్ప్రింగు ఒక్కటే ఆపాలంటే ఎంత గట్టిగా ఉండాలి? షాకబ్జర్ సంగతి పక్కన పెట్టి లెక్క వేస్తే మొదటిదానికి రెండున్నర రెట్లు, రెండోదానికి ఏడు రెట్లు. ఏడు రెట్లు గట్టి స్ప్రింగు వేసుకుని భువనగిరి దాకా కూడా ఎవరూ కూర్చోలేరు. కాబట్టి ఆ మిగతా దెబ్బను బంప్ స్టాపే, అంటే చక్రం చివరిదాకా పైకి వచ్చినప్పుడు తగిలే ఆపుడు ముక్కే తినాలి. ఫ్యాక్టరీ ఇచ్చే పొట్టి రబ్బరు ముక్క చాలదు. నొక్కేకొద్దీ నెమ్మదిగా గట్టిపడే ఫోమ్ పాలియురెథేన్ స్టాప్ వేస్తే దెబ్బ ఒక్కసారిగా తగలదు. మన రోడ్లకు నా సలహా 25 నుంచి 30 మిల్లీమీటర్లు, అంతకు మించొద్దు. 50 దించిన 800 ఫొటోలో బాగుంటుంది, దానిలో దేవరకొండ పోయి రావడం వేరే సంగతి.

స్పీడ్ బ్రేకర్ల భయం మాత్రం సగం నిజం, సగం అపోహ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, 17 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉంటుంది. 800 ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.175 మీటర్లు. అంటే మొత్తం కారు ఆ గుట్ట మీదే నిలబడగలదు. అప్పుడు రెండు చక్రాల మధ్య గుట్ట పైకి పొడుచుకొచ్చేది మూడున్నర సెంటీమీటర్లే. మెల్లగా వెళ్తే బాగా దించిన కారు కూడా తగలకుండా దాటుతుంది. తంటా అంతా ప్రమాణం లేనివాటితోనే. ఊరి మధ్యలో రాత్రికి రాత్రి పోసిన రెండడుగుల వెడల్పు కాంక్రీటు దిమ్మె అయితే దాని ఎత్తు ఎంత ఉంటే అంతా రెండు చక్రాల మధ్యకే వస్తుంది. మీ ఊరి దారిలో ఏ రకం ఎక్కువ ఉన్నాయో టేపు పట్టుకుని కొలిచాకే ఎంత దించాలో తేల్చుకోండి.

ఇప్పుడు, దించిన కారు మలుపులో ఎందుకు ఎక్కువ ఒరుగుతుందన్న చిక్కుముడి. మలుపులో బాడీ ఒక ఊహా బిందువు చుట్టూ ఒరుగుతుంది. దాన్నే రోల్ సెంటర్ అంటారు. బండి గురుత్వ కేంద్రానికీ ఈ బిందువుకూ మధ్య ఎంత దూరం ఉంటే ఒరిగించే బలానికి అంత పొడవైన మీట దొరుకుతుంది. స్ట్రట్ ఉన్న కార్లలో రోల్ సెంటర్ ఎక్కడుంటుందన్నది లోయర్ ఆర్మ్ కోణాన్ని బట్టి ఉంటుంది. ఫ్యాక్టరీ ఎత్తులో ఆర్మ్ బయటి చివర కొంచెం కిందికి వాలి ఉంటుంది. బాడీని దించితే లోపలి చివర దిగుతుంది, ఆర్మ్ అడ్డంగా తిరిగి, ఇంకా దించితే బయటి చివర పైకి లేస్తుంది. అప్పటికి గురుత్వ కేంద్రం 40 మిల్లీమీటర్లు దిగితే రోల్ సెంటర్ అంతకంటే ఎక్కువే దిగిపోతుంది. మీట పొడవు పెరిగింది, ఒరగడం పెరిగింది. క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణం కూడా అంతే. మొదట చక్రం పై అంచు లోపలికి వాలుతుంది, ఆర్మ్ అడ్డం దాటాక మలుపులో బండి ఒరిగినప్పుడు చక్రం నిలబడాల్సింది పోయి బయటికి వాలడం మొదలుపెడుతుంది.

దీనికి విరుగుడు ఆర్మ్ బయటి చివరను తిరిగి కిందికి తేవడం. అంటే ఆర్మ్‌నూ నకిల్‌నూ కలిపే బాల్ జాయింట్ దగ్గర పొడవైన పిన్ను, లేదా మధ్యలో ఒక స్పేసర్. సూత్రం తేలికే. 800లో అడ్డు తగిలేది 12 అంగుళాల రిమ్ము. దాని లోపల బ్రేకు, నకిల్, బాల్ జాయింట్ ఇప్పటికే ఇరుక్కుని ఉంటాయి. పిన్ను పొడవు కొంచెం పెంచితే రిమ్ముకు రాసుకుంటుంది. 13 అంగుళాల చక్రాలు వేస్తే కొంత చోటు దొరుకుతుంది కానీ అప్పుడు ఫెండర్‌కు టైరు తగిలే బెడద. పైగా ఆ పిన్ను బ్రేకు బలం, గుంత బలం రెండూ మోస్తుంది, పొడవు పెరిగేకొద్దీ వంచే బలమూ పెరుగుతుంది. ఒక గట్టి గుంత తగిలినప్పుడు చక్రం మీద మామూలు బరువుకు మూడు రెట్లు పడుతుందని డిజైన్ చేసేవాళ్లు అనుకుంటారు. మన ఉదాహరణలో అది 630 కిలోలు. ఈ ఒక్క పార్టు మాత్రం లేత్ దగ్గర చేయించొద్దని గట్టిగా చెబుతాను. పిన్ను విరిగితే చక్రం బండి కిందికి ముడుచుకుపోతుంది, ముందుగా చెప్పదు.

బాల్ జాయింట్‌ను దించినవాళ్లు సాధారణంగా మరిచిపోయేది టై రాడ్‌ను, అంటే స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే రాడ్డును. లోయర్ ఆర్మ్ ఒక చాపంలో, టై రాడ్ ఇంకో చాపంలో తిరుగుతాయి. రెండూ దాదాపు ఒకే తీరుగా తిరిగితేనే చక్రం పైకీ కిందికీ వెళ్లినా నేరుగా చూస్తుంది. ఒకదాని కోణం మార్చి రెండోదాన్ని వదిలేస్తే గుంత పడినప్పుడల్లా చక్రం తనంతట తాను తిరుగుతుంది. ఇదే బంప్ స్టీర్. కంప్యూటర్ అలైన్‌మెంట్‌లో ఇది దొరకదు, ఎందుకంటే అక్కడ బండి కదలకుండా ఒకే ఎత్తులో నిలబడి ఉంటుంది.

దాన్ని కొలవడానికి పెద్ద మిషన్ ఏమీ అక్కర్లేదు. కారు ముందు భాగాన్ని స్టాండ్ల మీద నిలబెట్టి, స్ట్రట్‌లోంచి స్ప్రింగు తీసేసి, స్ట్రట్‌ను ఖాళీగా తిరిగి బిగించాలి. స్ప్రింగు తీసేటప్పుడు సరైన కంప్రెసర్ వాడాలి, తాడుతోనో తీగతోనో కట్టి విప్పే సాహసం వద్దు. స్టీరింగ్ కదలకుండా కట్టేయాలి. చక్రం బిగించే హబ్బుకు ఒక నున్నటి ప్లైవుడ్ పలక బిగించి, దానికి ఎదురుగా ఇంకో నిలువు చెక్క నిలబెట్టి, ఆ చెక్కకు ఒకే ఎత్తులో అడుగున్నర ఎడంతో రెండు మేకులు. జాకీతో హబ్బును పది పది మిల్లీమీటర్లు పైకి లేపుతూ ప్రతి మెట్టు దగ్గరా రెండు మేకులకూ పలకకూ మధ్య సందు కొలిచి రాసుకోవాలి. రెండు సందుల మధ్య తేడా మారకపోతే చక్రం తిరగడం లేదని అర్థం. షెడ్డు భాషలో సూత్ అంటే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, ఇక్కడ చూడాల్సింది సూత్‌లో సగం కంటే తక్కువ. అందుకే టేపు పనికిరాదు, వెర్నియర్ కావాలి. తేడా ఎక్కువ వస్తే టై రాడ్ బయటి చివర ఎత్తును మార్చుతూ మళ్లీ కొలవాలి. విసుగు పుట్టించే పనే, ఓ ఆదివారం దీనికే పోతుంది. కానీ దించిన కారు సరిగా ఉందో లేదో చెప్పే పరీక్షల్లో నాకు దీని మీద ఉన్న నమ్మకం ఇంకో దాని మీద లేదు.

వెనకవైపు లెక్క సులువు. లేటరల్ రాడ్ ఒక చివర బాడీకి, ఇంకో చివర యాక్సిల్‌కు ఉంటుంది కాబట్టి బాడీ దిగితే యాక్సిల్ కొంచెం పక్కకు జరుగుతుంది. రాడ్ పొడవు 800 మిల్లీమీటర్లు, రెండు చివరల ఎత్తు తేడా 60 ఉండి, దించాక అది 100 అయిందనుకుంటే యాక్సిల్ జరిగేది నాలుగు మిల్లీమీటర్లు. నిజం చెప్పాలంటే ఇది అంత పట్టించుకోవాల్సింది కాదు, టైరు ఫెండర్‌కు దగ్గరగా ఉంటే తప్ప. అయినా లేత్ దగ్గర చేయించగల మొదటి పార్టు ఇదే అంటాను. రాడ్ పొడవు సర్దుకునేలా చేస్తే చాలు, దాని మీద పడేది లాగే బలం, నెట్టే బలం మాత్రమే, వంచే బలం దాదాపు ఉండదు.

మన దగ్గర లేత్ పనివాళ్లకు నైపుణ్యం తక్కువేమీ లేదు. రైస్ మిల్లు షాఫ్టులు, ట్రాక్టర్ పిన్నులు రోజూ చేసే చేతులు అవి. అయితే మిల్లులో షాఫ్టు విరిగితే మిల్లు ఆగుతుంది, కారు కింద రాడ్డు విరిగితే అది 80 స్పీడులో. కాబట్టి లోహం ఏదో అడిగి తెలుసుకోవాలి. స్క్రాప్‌లో దొరికిన పైపు కాకుండా అతుకు లేని సీమ్‌లెస్ ట్యూబు తెప్పించాలి. హైదరాబాద్ రాణీగంజ్ వెళ్తే 8.8, 10.9 గ్రేడు బోల్టులు తల మీద ముద్రతో దొరుకుతాయి. ముద్ర లేని బోల్టును గేటు కీళ్లకు వాడుకోవచ్చు. ట్యూబు రెండు చివర్లలో లేత్ మీద తీసిన బోలు ఉక్కు ముక్కలు వెల్డ్ చేసి, ఒకదానికి లోపల మామూలు చూడీలు (మరలు), రెండోదానికి ఉల్టా చూడీలు తీయిస్తే రాడ్డును బండి మీద ఉండగానే తిప్పి పొడవు సర్దవచ్చు. 16 మిల్లీమీటర్ల బోల్టు అయితే కనీసం 24 మిల్లీమీటర్లు లోపల పట్టి ఉండాలి. అంత లోపలికి ఉందో లేదో కంటికి కనబడేలా ఆ లోతు దగ్గర ట్యూబుకు మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేయించండి. రంధ్రంలోంచి చూడీ కనబడకపోతే రాడ్డును అంత పొడవుకు వాడకూడదు.

చివర్లకు రేసు కార్లలో వాడే రాడ్ ఎండ్ బేరింగులు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. మన దుమ్ములో, వానలో అవి తొందరగా లొడలొడలాడతాయి. ఫ్యాక్టరీ రబ్బరు బుష్షుకు సరిపోయే గుండ్రటి కన్ను చేయించుకోవడం మేలు. ట్రెయిలింగ్ ఆర్మ్‌లకు గట్టి పాలియురెథేన్ బుష్షులు వేయడం కూడా తెలివైన పని కాదు. ఒక చక్రం పైకి, ఇంకోటి కిందికి వెళ్లినప్పుడు ఆర్మ్ మెలికపడాలి, ఆ మెలికను ఇచ్చేది మెత్తటి రబ్బరే. అది ఇవ్వకపోతే బలమంతా బ్రాకెట్ల మీద పడి, పాత బండి తుప్పు పట్టిన చోట పగులు వస్తుంది. వెల్డింగ్ విషయంలో మూడు నిషేధాలు: స్ప్రింగు ఉక్కుకు వెల్డ్ పెట్టొద్దు, నకిల్‌కు పెట్టొద్దు, గట్టి ఉక్కుతో చేసిన పార్టుకు మెరుపు కోసం క్రోమ్ పూత వేయించొద్దు. క్రోమ్ తొట్టిలో హైడ్రోజన్ లోహంలోకి చేరి దాన్ని పెళుసు చేస్తుంది.

చట్టం సంగతి కూడా తెలిసే దిగాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఈ కార్లలో ఎక్కువ 15 ఏళ్లు దాటినవే, అలాంటివాటి ఆర్‌సీ కొనసాగాలంటే అయిదేళ్లకోసారి బండిని తనిఖీకి చూపించాలి. ప్రమాదం జరిగితే, చెప్పకుండా చేసిన మార్పును బీమా కంపెనీ సాకుగా చూపవచ్చు. కాబట్టి తీసిన పాత స్ప్రింగులు, షాకబ్జర్లు, రాడ్డు జాగ్రత్తగా దాచిపెట్టండి, తిరిగి బిగించే వీలు లేకుండా బాడీని మాత్రం కోయొద్దు.

బిగించేటప్పుడు ఎక్కువ షెడ్లలో చేసే పొరపాటు ఒకటుంది. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగానే బుష్షు బోల్టులు చివరిదాకా బిగించేస్తారు. రబ్బరు ఆ వేలాడే కోణంలోనే పట్టుకుపోయి, కారు నేల మీదికి దిగాక ఎప్పుడూ మెలికపడే ఉంటుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. బోల్టులు వదులుగా పెట్టి, కారును దించి, నాలుగుసార్లు ఊపి, కొత్త ఎత్తులో స్థిరపడ్డాక టార్క్ పానాతో బిగించాలి. బ్రేకు గొట్టాలు చక్రం రెండు చివర్లకు తిరిగినప్పుడు సాగడం లేదని చూడాలి. కొన్ని పాత కార్లలో వెనక ఎత్తును బట్టి బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వు ఉంటుంది, బండి దిగితే లోపల బరువు ఉందనుకుని వెనక బ్రేకును ఎక్కువ పట్టిస్తుంది. అది ఉంటే దాన్నీ సర్దాలి. ఆ తర్వాతే అలైన్‌మెంట్. ప్రతి నట్టు మీదా పెయింటుతో ఒక గీత గీసి, ఓ రెండు వందల కిలోమీటర్లు తిరిగాక బండి కింద పడుకుని చూడండి. గీత పక్కకు జరిగినా, బోల్టు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలి కనిపించినా ఆ జాయింట్ లోపల కదులుతోందని అర్థం. దాన్ని ఇంకాస్త బిగించి ఊరుకోకుండా, విప్పి రంధ్రం సాగిందేమో చూసి, కొత్త బోల్టు వేయాలి.